ఆదిబాబు ఎత్తు సీటు

మా ఆయనకు పోయింది కాలే, నోరు కాదు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో గొలుసు తెగి ఇనుప దిమ్మ ఆయన కాలి మీద పడింది. ఎడమ కాలు మోకాలి కిందకు తీసేశారు. హోలీ వెళ్ళిన కొత్తలో జరిగిన మాట. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఆ తర్వాత కార్ఖానావాళ్ళెవరూ మా గుమ్మం తొక్కలేదు. అప్పటినుంచి ఆదిబాబు వరండాలో నులకమంచం మీద కూర్చుని ఇల్లంతా నోటితోనే నడిపాడు. కూరలో ఉప్పెంత, కుళాయి దగ్గర నేను ఎంతసేపున్నాను, ఎవరితో మాట్లాడాను, ఎందుకు నవ్వాను, అన్నీ ఆయనకే కావాలి. నేను నవ్వడం మానేసి చాలా రోజులైంది. ఆ సంగతి మాత్రం ఆయన కంటపడలేదు.

నాదీ మెత్తటి నోరేం కాదు. ఆయన ఒకటంటే నేను రెండనేదాన్ని. మధ్యలో మా అత్త దాలమ్మ. ఆవిడ మా ఆయన తల్లే కాదు, నాకు మేనమామ పెళ్ళాం కూడా. అందుకని నన్ను తిట్టడానికి ఆవిడకు రెండు హక్కులు. సిద్ధగోరాలో రెండు గదుల ఇంట్లో ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు నంజుకు తింటూ బతుకుతున్నాం. నేను నాలుగిళ్ళలో అంట్లు తోమి తెస్తే పొయ్యి వెలిగేది.

ఎనభై రెండులో, విశ్వకర్మ పూజ రేపనగా, సాయంత్రం నర్సు పద్మకుమారి కబురు తెచ్చింది. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు పరిచయమైన మనిషి. గోవింద్‌పూర్‌లో ఒక నర్సింగ్‌హోంలో ఆయా పని ఖాళీ అయిందట.

"ఎల్లుండి పొద్దున్న ఆరింటికల్లా డ్యూటీలో ఉండాల గౌరీ. ఫస్టు షిఫ్టు. మొదటిరోజే లేటైతే ఇంకోల్లని ఎట్టుకుంటారు. నా మాట పోతాది" అంది. "ఆ ఏలప్పుడు టెంపోలుండవు. ఎలగొత్తావు?"

"సైకిలుంది గదా" అన్నాను, మంచం వైపు చూడకుండా.

సైకిల్ నిజంగానే ఉంది. ఆదిబాబుది. ఆయన ఆస్పత్రికి వెళ్ళిన రోజునుంచి వరండాలో గోడకు ఆనించే ఉంది. వానజల్లుకు తుప్పు పట్టింది కానీ చక్రాలు తిరుగుతున్నాయి. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ ఫ్రేములోంచి కాలు దూర్చి, సీటెక్కకుండా కత్తెర తొక్కుడు తొక్కేదాన్ని. కాస్త పొడుగయ్యాక సీటెక్కి కూడా తొక్కాను. చీర గోచీ పోసి కట్టుకుంటే ఇప్పుడూ తొక్కగలను. చిక్కల్లా సీటు దగ్గరే. ఆదిబాబు ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా కూడా రాను. పెడళ్ళు నాకు అందాలంటే సీటు జానెడు కిందకు దిగాలి. నట్టు వదులు చేసి, సీటు కిందకు నొక్కి, మళ్ళీ బిగించాలి. అంతకంటే ఏముంది అనుకున్నాను.

ఆ రాత్రి ఆదిబాబు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నంలో రాయి తగిలినా ఊరుకున్నాడు. ఆరోగ్యం బాగాలేదేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మర్నాడు పూజ. ఈ కార్ఖానాల ఊళ్ళో ఆ రోజు క్రేన్ల దగ్గర్నుంచి రిక్షావాడి గాలిపంపు దాకా బొట్టు పెట్టనిది ఉండదు. పనిముట్లు కడిగి, నూనెలో కలిపిన సిందూరం పూసి విశ్వకర్మ పటం ముందు పెడతారు. ఒకసారి పెట్టాక మర్నాడు పొద్దెక్కి హారతి ఇచ్చేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. సైకిల్ షాపులన్నీ మూసేసి మిస్త్రీలు పందిళ్ళ దగ్గర తాగి ఊగుతుంటారు. మా అత్తకు దేవుళ్ళందరిలోకీ ఈ దేవుడంటేనే భయం ఎక్కువ. కొడుకు కాలు పోయింది కూడా కిందటేడు పూజలో ఏదో తప్పు జరగబట్టేనని ఆవిడ నమ్మకం. ఆ తప్పు నాదేనని ఇంకా గట్టి నమ్మకం.

తెల్లవారకముందే అత్త ఆదిబాబు సామాను పెట్టె తెరిపించింది. సుత్తి, పానాలు, ప్లయరు, స్క్రూడ్రైవరు, రంపం అన్నీ కడిగింది నేను.

"అత్తా, పూజకి ముందే సీటు దింపీసుకుంతాను. ఎంతసేపు?" అని అడిగాను.

"కడిగినియ్యి మళ్ళీ మట్టి సేత్తావేటే? ముహూర్తం దాటిపోతంది. ముందు అక్కడెట్టు" అంది. పెట్టాను. ప్రతిదానికీ ఆవిడే వేలితో సిందూరం అద్దింది. సైకిల్‌కు కూడా పెట్టబోతే మంచం మీదనుంచి ఆదిబాబు అరిచాడు.

"నడవని బండికి బొట్టేటి? దాని జోలికెల్లొద్దు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పూజ అయింది. ప్రసాదం తేవడానికి ఆవిడ పందిరికి వెళ్ళింది, నేను బిందెలు పట్టుకుని కుళాయికి వెళ్ళాను. పండగ రోజు కాబట్టి కుళాయి దగ్గర పెద్ద వరస. తిరిగొచ్చేసరికి ఆదిబాబు మంచం మీద పడుకుని చొక్కా చేతితో నుదురు తుడుచుకుంటున్నాడు. ఎండగా ఉందని అనుకున్నాను.

సైకిల్‌ని వరండా మధ్యకు లాక్కొచ్చాను. ఆయన పక్కకు తిరిగి చూశాడు.

"సిందూరం ఎట్టిన సామాను ముట్టకు. రేపు ఆరతయ్యేక తీసుకో."

"రేపు ఆరతయ్యే ఏలకి నాను గోవింద్‌పూర్లో ఉండాల."

"అయితే మానీ."

"నాను మానీసినాక తిండి ఎక్కడినుంచొత్తది? నీ నోట్లోంచొత్తదా?"

లోపలికి వెళ్ళి పట్టకారు తెచ్చాను. అప్పుడే పందిరినుంచి తిరిగొచ్చిన అత్త నోరు తెరిచింది. "ఇది నాది. దీనికి ఎవులూ బొట్టెట్టనేదు" అన్నాను. రోకలి, పచ్చడి బండ, కిరసనాయిలు, పాత గోనె, ఇవి నా పనిముట్లు. వాటికి ఏ దేవుడూ పూజ చెయ్యమనలేదు కాబట్టి ఎప్పుడైనా ముట్టుకోవచ్చు.

నట్టు మీద కిరసనాయిలు పోసి, గుడ్డ చుట్టి, పట్టకారుతో పట్టుకున్నాను. రెండుసార్లు జారిపోయి వేళ్ళు గీరుకున్నాయి. మూడోసారి పట్టకారు కాడ మీద పచ్చడి బండతో కొట్టాను. నట్టు తిరిగింది. వానాకాలమంతా నానిన నట్టు అంత తేలిగ్గా తిరగడమేమిటని నాకు తోచలేదు. పైగా నా చేతి సత్తువ చూసి నేనే మురిసిపోయాను. పని సగం అయిపోయినట్టే అనుకుని సీటు మీద రెండు చేతులూ పెట్టి నొక్కాను.

కదల్లేదు. ఎక్కి కూర్చుని ఊగాను. కదల్లేదు. ముక్కు పట్టుకుని అటూ ఇటూ తిప్పితే సీటు తిరిగింది కానీ దాని కింది కడ్డీ గొట్టంలో కరుచుకుపోయి ఉంది. మరిగే నీళ్ళు తెచ్చి గొట్టం మీద పోశాను. సగం నా కాళ్ళ మీదే పడ్డాయి. గోనె మడిచి సీటు మీద వేసి రోకలితో దంచాను. పెళ్ళికి పిండి కొట్టినప్పుడు కూడా అంత బలంగా దంచలేదు. రోకలి ఇనుప పొన్ను ఊడి మూలకు దొర్లిపోయింది.

"నా రోకలి ఇరగ్గొట్టీసినాది!" అని అత్త గుండెలు బాదుకుంది. "పండగ పూట ఇంట్లో ఈ బాదుడేటే? ఎవులు సచ్చిపోనారని?"

మంచం మీద ఆదిబాబు నవ్వాడు. ఆరునెలల తర్వాత ఆయన నవ్వు విన్నాను. విని ఒళ్ళు మండిపోయింది.

"ఇంకా గట్టిగా కొట్టు. తుప్పది. దించుకు సావాల" అన్నాడు.

చప్పుడు విని పక్కింటి అప్పలసూరి వచ్చాడు. లారీ కార్ఖానాలో పని చేస్తాడు. అప్పటికే పందిరి దగ్గర పుచ్చుకున్నాడేమో, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏటి ఒదినా, సీటు జామ్ అయిపోనాదా?"

"నీ సుత్తీ పానా ఒకసారిలా ఇవ్వు సూరీ. మళ్ళీ ఇచ్చీత్తాను."

రెండు చెవులూ పట్టుకున్నాడు. "ఆజ్? పాగల్ హో క్యా ఒదినా! ఇయ్యేల ఔజార్ సామాను ముట్టుకుంతే విశ్వకర్మ బాబా ఊరుకుంతాడా? కల్ సుబహ్ ఆరతయ్యేక నానే వచ్చి దింపీసెల్తాను. తొమ్మిదికల్లా వత్తాను. పక్కా."

"తొమ్మిదికొచ్చి నా తద్దినం ఎట్టు" అన్నాను. అతను బాధపడకుండా, ప్రసాదం పొట్లం అత్త చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటికి పొద్దు వాలుతోంది. చేతులు బొబ్బలెక్కాయి. కిరసనాయిలు అడుగంటింది. రేపు ఆరింటికి ఆ నర్సింగ్‌హోం గుమ్మంలో నేను కాక ఇంకో ఆడది నిలబడి ఉంటుంది, నేను మళ్ళీ ఎవరి ఇంటి వెనకో బూడిద పుచ్చుకుని కూర్చుంటాను. ఆ ఆలోచనకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన చూస్తాడని ఆపుకున్నాను. ఆపుకున్నది నోట్లోంచి వచ్చింది.

"నవ్వు. నవ్వుకో. ఆ సీటు నీ ఎత్తునే ఉంతే ఏటి లాభం? రేపు నువ్వెక్కి ఊరేగుతావేటి?"

ఆయన నవ్వు ఆగిపోయింది. అత్త "ఒలే!" అంది. అన్నందుకు నాకేమీ బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే కాస్త హాయిగానే అనిపించింది.

సీసాలో మిగిలిన నాలుగు చుక్కలూ కడ్డీ చుట్టూ పోసి, గుడ్డతో తుడిచాను. గుడ్డ ఎర్రబడింది. పొద్దుటినుంచి చూస్తున్నాను, తుప్పయితే మట్టిరంగులో వస్తుంది. ఇది మందారప్పువ్వు ఎరుపు. వేలితో రాస్తే నూనె జిడ్డు. వాసన చూశాను. సిందూరం.

సైకిల్‌కు సిందూరం పెట్టనివ్వలేదు కదా.

వంగి, గొట్టం అంచున గోరుతో గీకి చూశాను. కడ్డీకి గొట్టానికి మధ్య సన్నగా ఒక ఇనుప రేకు అంచు మెరుస్తోంది. దాని మీద తుప్పు లేదు. అంచున పళ్ళున్నాయి. రంపం బ్లేడు ముక్క. గొట్టం మూతికి సమానంగా లోపలికి దిగ్గొట్టేసి ఉంది. పైన సుత్తి దెబ్బల మచ్చలు, ఆ మచ్చల్లో ఎరుపు.

లేచి లోపలికి వెళ్ళాను. పటం ముందు సుత్తి పెట్టినచోటే ఉంది. కానీ అత్త గుండ్రంగా అద్దిన బొట్టు దాని ముఖం మీద అలా లేదు. నలిగి, చెదిరి, నలుపుతో కలిసిపోయి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. అత్తను పిలిచాను.

"నువ్వెట్టిన బొట్టు సూడత్తా. తరవాతొచ్చి సైకిల్ సూడు."

ఆవిడ చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని సుత్తిని చాలాసేపు చూసింది. తర్వాత వరండాలోకి వచ్చి, కళ్ళు దగ్గరగా పెట్టి గొట్టం అంచు చూసింది. నా గుడ్డ తీసుకుని తనూ వాసన చూసింది. మేమిద్దరం ఇంట్లో లేనిది ఎప్పుడో ఆవిడకూ తెలుసు. అప్పుడే మా ఆయన ఒంటికాలితో పటం దాకా పాక్కుంటూ వెళ్ళి, సుత్తీ పానా తెచ్చి, నట్టు విప్పి, బ్లేడు దిగ్గొట్టి, మళ్ళీ బిగించి, వాటిని యథాస్థానంలో పెట్టి, మంచమెక్కి చెమట తుడుచుకున్నాడు. నేను రోజంతా బాదుతుంటే చూశాడు.

"ఒరే" అంది అత్త. గొంతు పెద్దది చెయ్యలేదు. "సిందూరం ఎట్టిన సుత్తి ఎత్తినావేట్రా?"

"ఎత్తేను."

"పూజ సామాను?"

"ఎత్తేనంతన్నాను గదా! నా సామానే. నా సైకిలే." ఆయన లేచి కూర్చున్నాడు. ముఖం నల్లబడిపోయింది. "అది దిగిపోతే ఈ ఇంట్లో మరి నాదేటుంది? రేపు ఇదెల్లిపోద్ది. జీతం తెత్తది. సైకిల్ దాని ఎత్తుకి, ఇల్లు దాని ఎత్తుకి. నానేటి, ఈ మంచం కోడునా? వరండాలో ఎవులొచ్చినా ముందు ఆ సీటు సూత్తారు. ఆదిబాబు సైకిల్ అంతారు. అదీ పీకీత్తారా?"

"నాను తిండికి ఎల్తన్నాను" అన్నాను. "నీ తిండికి కూడాను. నువ్వు నా కాళ్ళు ఇరగ్గొట్టడానికి దేవుడి సుత్తి ఎత్తినావు."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. నేను లోపలికి నడిచాను, ఆ ప్లయరు, ఆ సుత్తి తీసుకొచ్చేద్దామని. ఇంక ఏ దేవుడి కోపమైనా ఒకటే అనిపించింది. అత్త నా జబ్బ పట్టుకుని ఆపింది. ఆవిడ వేళ్ళు అంత గట్టివని నాకు తెలీదు.

"నువ్వు ముట్టకు. ఆడు ముట్టీసినాడు. ఆ పాపం ఆడి సేతికి అంటీసింది. ఒకలికి అంటినాది సాలు."

తర్వాత కొంగు చేతికి చుట్టుకుని, తన చర్మానికి ఇనుము తగలకుండా, పనిముట్లన్నీ పళ్ళెంతో సహా ఎత్తి తెచ్చింది. కొడుకు మంచం మీద పెట్టింది.

"దిగ్గొట్టినోడివి నువ్వే తియ్యి."

"నాను తియ్యను."

"తియ్యకపోతే ఈ పూట నీకు నాను అన్నం ఎట్టను. ఇదీ ఎట్టదు. నా కొడుకువని సూడను" అంది మా అత్త. ఆవిడ నా పక్షాన ఉందని కాదు. దేవుడి పక్షాన ఉంది. ఆ సాయంత్రం దేవుడూ నేనూ ఒకవైపు పడ్డాం, అంతే.

సైకిల్‌ని మంచం దగ్గరకు తోశాను. మైకులో పందిరివాళ్ళు ఎవరి పేర్లో చదువుతున్నారు. చివరకు చెయ్యి చాపి పానా తీసుకున్నాడు. నట్టు పూర్తిగా విప్పాడు. గొట్టం చీలికలో స్క్రూడ్రైవరు దూర్చి, సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేశాడు. తర్వాత సీటుని కిందకు నొక్కలేదు, పైకి లాగాడు. బ్లేడు పళ్ళు కిందవైపుకే కొరికేలా పెట్టాడు మరి. నేను పొద్దుటినుంచి దంచినకొద్దీ అది ఇంకా లోపలికి కరుచుకుంది. పైకి లాగగానే కిర్రుమని కడ్డీతో పాటు బయటికి వచ్చింది. బ్లేడు ముక్క మంచం మీద పడింది. దాన్ని తీసి వీధిలోకి విసిరేశాను.

"ఎంత?" అన్నాడు, నా వైపు చూడకుండా.

సైకిల్ పక్కన నిలబడ్డాను. నా నడుము దగ్గర అరచెయ్యి పెట్టి చూపించాను. సీటు దాని దగ్గరకు దించాడు. ఇంకో వేలెడు తగ్గించాడు. గోచీ పోసిన చీర మడతల మందం నాకు గుర్తులేదు, ఆయనకు గుర్తుంది. నట్టు బిగించాడు. చేతి నరాలు లేచాయి. ఆ చేతుల్లో ఇంకా అంత బలముందని నేను మరిచిపోయాను.

"అయిపోనాది. తీసుకుపో."

పట్టుకుపోలేదు. పొద్దుటినుంచి నన్ను వెర్రిదాన్ని చేసిన మనిషి బిగించిన నట్టు అది. నడిరోడ్డు మీద, లారీల మధ్య, ఆ సీటు కిందకు జారితే నా గతేమిటి?

"నిన్ను నమ్మను" అన్నాను. "నువ్వెక్కి కూకో. నీ బరువు కాస్తే నా బరువు కాత్తది."

"ఏటే?"

"ఇనబడనేదా? ఎక్కు."

ఆయన నన్ను చంపేసేలా చూశాడు. నేనూ అలాగే చూశాను. సైకిల్‌ని మంచం వైపు వంచి హ్యాండిల్ పట్టుకున్నాను. అత్త వెనక క్యారియరు పట్టుకుంది. ఆయన వరండా రాట పట్టుకుని లేచి, తెగిన కాలు అటు వేసి, సీటు మీద పడ్డట్టు కూర్చున్నాడు. నేను సైకిల్‌ని నిటారుగా నిలబెట్టాను. నట్టు దగ్గరే నా చూపు. సీటు కదల్లేదు. జారలేదు.

తర్వాత కిందకు చూశాను. ఆయన కుడి పాదం నేల మీద ఉంది. మడమతో సహా, పూర్తిగా ఆని. పాత ఎత్తులో ఆయనకు రెండు కాళ్ళున్నప్పుడు కూడా మునివేళ్ళే అందేవి, సిగ్నల్ దగ్గర ఒక పక్కకు వంగి నిలబడేవాడు. ఇప్పుడు ఒంటి కాలి మీద సైకిల్ నిలబడింది. నేను హ్యాండిల్ వదిలాను. పడలేదు. అత్త క్యారియరు వదిలేసి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదిబాబు రెండు చేతులూ హ్యాండిల్ మీద వేశాడు. గంట నొక్కాడు. మోగలేదు, తుప్పు పట్టింది. బ్రేకులు నొక్కి చూశాడు. ముందు చక్రం అటూ ఇటూ తిప్పాడు. నేను ఇంకా కోపంగానే ఉన్నాను. ఉండాలనే ఉంది.

"సాలు, దిగు" అన్నాను చివరకు. "పొద్దున్నే ఎల్లాల."

దిగలేదు. రోడ్డు వైపే చూస్తున్నాడు.

"డ్యూటీ ఎప్పుడు దిగుతావు?"

"రెండింటికి."

"ఇక్కడికి?"

"మూడుకల్లా సైకిల్ తెత్తాను."

"మూడంటే మూడే" అన్నాడు ఆదిబాబు కసిరినట్టు. "నాను ఈ రాట పట్టుకుని నిలబడుంతాను."